పాట, వీణ, మృదంగం: ఫ్లాట్‌లో రికార్డింగ్‌కి ఏ మైకు కొనాలి?

నల్లకుంట_వైష్ణవి
మాది నల్లకుంటలో రెండో అంతస్తు ఫ్లాట్. నేను కర్ణాటక సంగీతం పాడతాను, ఐదు శ్రుతి. అమ్మ వీణ, తమ్ముడు మృదంగం. ఇన్నేళ్లూ ఫోన్ పక్కన పెట్టుకుని రికార్డ్ చేసుకోవడమే. ఇప్పుడు కొన్ని అన్నమయ్య కీర్తనలు ముగ్గురం కలిసి శుభ్రంగా రికార్డ్ చేసి దాచుకోవాలని ఉంది. అమ్మకి కీళ్ల నొప్పులు మొదలయ్యాయి, వేళ్లు సాగుతుండగానే ఈ పని అయిపోవాలి.

మైకు దగ్గరే ఆగిపోయాం. ఒకరు పెద్ద కండెన్సర్ (సన్నని చప్పుళ్లనూ పట్టే రకం మైకు) తప్ప ఇంకేదీ వద్దంటారు. ఇంకొకరు అపార్ట్‌మెంట్‌లో కండెన్సర్ అంటే డబ్బు నీళ్లలో పోసినట్టే, డైనమిక్ (స్టేజీ మీద వాడే గట్టి రకం) తీసుకోమంటారు. వీడియోలు చూస్తే అందరూ గిటారు మీదే పరీక్షిస్తున్నారు. వీణ ముందు మైకు పెట్టి చూపించినవాళ్లు నాకైతే కనపడలేదు. గది పన్నెండు బై పది. టైల్స్ నేల, నిలువుటద్దం ఉన్న బీరువా, రోడ్డు వైపు కిటికీ. ఫీవర్ ఆస్పత్రి దగ్గరే కాబట్టి అంబులెన్సులు సరేసరి. మైకు, ఇంటర్‌ఫేస్ (మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె), స్టాండు అన్నీ కలిపి ముప్ఫై వేలు అనుకున్నాం. ఏది కొనమంటారు?

కొండాపూర్_కోడర్
కళ్లు మూసుకుని రోడ్ కంపెనీ కండెన్సర్ ఎన్‌టీ1 ఐదో తరం తీసుకోండి. సెల్ఫ్ నాయిస్, అంటే మైకు సొంత బుస్సు, 4 డీబీఏ మాత్రమే. యూఎస్‌బీ, ఎక్స్ఎల్ఆర్ (స్టూడియో మైకు కేబులు) రెండూ అందులోనే ఉన్నాయి కాబట్టి ఇంటర్‌ఫేస్ ఖర్చు కూడా తప్పుతుంది. టాపిక్ క్లోజ్.

కృష్ణానగర్_కిట్టు
టాపిక్ ఇప్పుడేగా ఓపెన్ అయింది భయ్యా. అంత సైలెంటు మైకు పెడితే అంబులెన్స్ నంబరు ప్లేటు కూడా వినిపిస్తుంది. వైష్ణవి గారూ, షూర్ ఎస్ఎం58 కొనండి. 1966 నుంచి వస్తోంది, కింద పడేసినా పాడుతుంది. డైనమిక్‌కి గది వినపడదు. మీ ఇంటికి అదే కరెక్టు.

కొండాపూర్_కోడర్
58ని స్టేజీ కోసం చేశారు. 50 హెర్ట్జ్ నుంచి 15 కిలోహెర్ట్జ్ దాకానే దాని రేంజి. వీణకి అది పెడతారా ఎవరైనా?

కృష్ణానగర్_కిట్టు
నేను ట్రాకులు పాడించే గదిలో రోజూ వాడుతున్నా. పేపరు మీద రేంజి చూసి కాదు, చెవితో విని చెప్తున్నా.

మృదంగం_మూర్తి
ముందు ఒక మాట అడగాలి. ముగ్గురూ ఒకేసారి పాడి వాయిస్తారా, విడివిడిగానా? అది తేలకుండా మైకు ఎలా చెప్తాం?

నల్లకుంట_వైష్ణవి
కలిసి వాయించాలనే ఉంది మూర్తి గారూ. విడిగా అయితే తమ్ముడి చేతిలో ఆ ఊపు రాదు. నా మొహం చూస్తేనే వాడికి ఎక్కడ ముక్తాయింపు పెట్టాలో తెలుస్తుంది.

శబ్దయోగి
కిట్టు, నువ్వు చెప్పింది సగమే నిజం. డైనమిక్‌కి గది వినపడదని అందరూ అంటారు. నిజానికి ఏది గొంతో ఏది గోడో మైకుకి తెలియదు. ఒక కార్డియాయిడ్ (ముందు వైపు బాగా, వెనక వైపు తక్కువ వినే) డైనమిక్‌ని, ఒక కార్డియాయిడ్ కండెన్సర్‌ని ఒకే దూరంలో పెట్టి, లెవెల్ సమానం చేసి విను. రెండింట్లోనూ గది ఇంచుమించు ఒకేలా ఉంటుంది. డైనమిక్‌లో తక్కువ అనిపించేది, మనం దాన్ని పెదాలకి ఆనించినంత దగ్గర పెట్టుకుంటాం కాబట్టి. దూరం రెట్టింపు అయితే మైకుకి చేరే గొంతు 6 డీబీ తగ్గుతుంది, గది మోత మాత్రం ఉన్నంతే ఉంటుంది. అంటే అసలు తేడా దూరంలో ఉంది. రెండో కారణం, కండెన్సర్‌లో పొర చాలా పల్చన, దానికి తీగచుట్ట బరువు లేదు. అందుకే పై ఫ్రీక్వెన్సీలు విప్పి చూపిస్తుంది, టైల్స్ మీద నుంచి తిరిగొచ్చే గలగల కూడా అందులో భాగమే.

ఇప్పుడు కర్ణాటక సంగీతం సంగతి. పాడేవాళ్లు కదలకుండా కూర్చోరు. గమకం వేసేటప్పుడు తల ఊగుతుంది, పై షడ్జానికి వెళ్లేటప్పుడు కాస్త వెనక్కి జరుగుతారు. 5 సెంటీమీటర్ల దూరంలో డైనమిక్ ఉందనుకోండి, తల ఇంకో 5 వెనక్కి వెళ్తే 6 డీబీ పోయినట్టే. దాంతోపాటు దగ్గరితనం వల్ల వచ్చిన బేస్ కూడా పోతుంది, గొంతు ఒక్కసారిగా పలచబడుతుంది. అదే 25 సెంటీమీటర్ల దూరంలో పాడుతూ అంతే వెనక్కి జరిగితే తగ్గేది ఒకటిన్నర డీబీ. వినేవాళ్లకి పట్టదు. అందుకే ఈ పాటకి నా ఓటు కండెన్సర్‌కే, జానెడు నుంచి అడుగు దూరంలో. కానీ గదిని సరిచేయకుండా అంత దూరం పెడితే కిట్టు భయపడినట్టే అవుతుంది. ముందు గది, తర్వాత దూరం, ఆ తర్వాతే మైకు పేరు.

కృష్ణానగర్_కిట్టు
గురువు గారు వచ్చేశారు. ఊగేవాళ్ల సంగతి ఒప్పుకుంటున్నా. మా దగ్గర పాడేవాళ్లు హెడ్‌ఫోన్ పెట్టుకుని నిలబడి పాడతారు, వాళ్లకి కదలొద్దని చెప్తాం. కీర్తన పాడేవాళ్లకి ఆ మాట చెప్పలేం.

హరిణి_గొంతు
నేను అద్దె ఫ్లాట్‌లోనే ఆడియో పుస్తకాలు చదువుతాను, గది గురించి చెప్తా. చాలామంది ఫోమ్ తెచ్చి మైకు వెనక గోడకి అంటిస్తారు. కార్డియాయిడ్ మైకుకి తన వెనక నుంచి వచ్చేది అన్నిటికంటే తక్కువ వినిపిస్తుంది. పాడే మనిషి వెనక ఉన్న గోడ మాత్రం దానికి ఎదురుగా ఉంటుంది. మెత్తనిది పెట్టాల్సింది అక్కడ, మీ వీపు వెనక. బీరువా తలుపులు బార్లా తెరిచి, బట్టలకి వీపు పెట్టి కూర్చోండి. అద్దం ఉన్న తలుపు మీద బొంత వేసెయ్యండి. కిటికీ మీకు ఎదురుగా, మైకుకి వెనగ్గా రావాలి. నేల మీద పరుపు, దాని మీద దుప్పటి. ఇంత చేశాక చప్పట్లు కొట్టి వినండి, టంగుమని మోగడం తగ్గిపోతుంది.

గుడ్ల ట్రేలు మాత్రం అంటించకండి, ఉపయోగం లేదు. పల్చటి ఫోమ్ కూడా పై చప్పుళ్లనే మింగుతుంది, అడుగు మోత అలాగే మిగిలిపోయి గది డబ్బాలో మాట్లాడినట్టు ఉంటుంది.

లచ్చన్న_డప్పు
గుడ్ల ట్రేల ముచ్చట నిజమేనా అక్కా? మా గల్లీల ఒక పోరడు గోడ మొత్తం గవే పెట్టిండు.

హరిణి_గొంతు
నిజమే అన్నా. 100 హెర్ట్జ్ శబ్దం ఒక్క అల పొడవే మూడున్నర మీటర్లకు దగ్గర. పల్చటి అట్ట దాన్ని ఆపలేదు. ఆపాలంటే రెండు మూడు అంగుళాల మందం ఉన్న రాక్‌వూల్ కావాలి, అదీ గోడకి కాస్త ఎడంగా. లేకపోతే పరుపులు, బట్టల మూటలు.

కొండాపూర్_కోడర్
గదికి ఖర్చు లేదు కాబట్టి ముప్ఫై వేలూ మైకుకే పెట్టొచ్చు. మళ్లీ ఎన్‌టీ1.

శబ్దయోగి
మైకు మంచిదే, కాదనను. కానీ ఆ 4 డీబీ గురించి ఒక్క మాట. ఫ్యాను, ఫ్రిజ్, రోడ్డు కలిసి మన ఇళ్లలో గది మోతే దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. 20 డీబీ సెల్ఫ్ నాయిస్ ఉన్న ఆడియో టెక్నికా ఏటీ2020 పెట్టినా ఆ గదిలో మైకు సొంత బుస్సు కంటే రోడ్డే ముందు వినిపిస్తుంది. ఎన్‌టీ1 నిశ్శబ్దానికి విలువ రావాలంటే గది కూడా నిశ్శబ్దంగా ఉండాలి.

అంతకంటే పెద్ద ఇబ్బంది, యూఎస్‌బీలో ఒక్క మైకే వస్తుంది. వాళ్లు ముగ్గురు. రెండు ఇన్‌పుట్లున్న ఇంటర్‌ఫేస్ కొంటే రేపు ఇంకో మైకు చేర్చుకోవచ్చు.

కొండాపూర్_కోడర్
ఒక్క మంచి మైకు చుట్టూ ముగ్గురూ కూర్చోవచ్చుగా? పాత రికార్డింగులన్నీ అలాగే చేసేవాళ్లు కదా.

మృదంగం_మూర్తి
చేసేవాళ్లు. ఎవరిని ఎంత దూరంలో కూర్చోబెట్టాలన్నదే అప్పుడు బ్యాలెన్స్. కాకపోతే పెద్ద హాలు ఉండేది. పన్నెండు బై పది గదిలో మృదంగాన్ని ఎంత వెనక్కి జరిపినా వీణ మీద పడిపోతుంది. వీణ చాలా మెత్తని వాద్యం. తమ్ముడు ఒక్క అరచేయి గట్టిగా వేశాడంటే అమ్మగారి అనుస్వరాలన్నీ దాని కిందే.

వీణాపాణి
వీణ మాట వచ్చింది కాబట్టి. స్టేజీ మీద కాంటాక్ట్ పికప్ (వాద్యానికే అతికించే మైకు) పెట్టుకుంటాం, తప్పదు. రికార్డింగులో మాత్రం ఆ నాదం తీగదే వస్తుంది, చెక్కది రాదు. మైకు మీటే చేతి వైపు చూడకూడదు, గోరు తగిలే టిక్కుటిక్కులు తప్ప ఇంకేమీ మిగలదు. కుండ పైభాగం వైపు, అడుగున్నర దూరంలో, కాస్త ఎత్తు నుంచి కిందకి చూసేలా పెట్టండి. అక్కడి నుంచి అంగుళం అంగుళం జరుపుతూ, ఒకరు హెడ్‌ఫోన్ పెట్టుకుని వినాలి. మెట్ల వైపు జరిపితే గమకం లాగినప్పుడు తీగ రాసుకునే చప్పుడు పెరుగుతుంది. కుండ వైపు మరీ జరిపితే గుమ్మని మూసుకుపోతుంది. రెంటికీ మధ్య ఒకచోట తీగా, చెక్కా కలిసి పలుకుతాయి.

ఇంకొకటి, గాజులు! మైకు ముందు అవి వీణ కంటే బాగా వినిపిస్తాయి.

నల్లకుంట_వైష్ణవి
అమ్మని గాజులు తీయమంటే మైకే వద్దంటుంది వీణాపాణి గారూ.

వీణాపాణి
తీయొద్దు. మోచేయి దాకా పైకి తోసి, మెత్తటి చేతిరుమాలు చుట్టమనండి. మా ఇంట్లో అదే పద్ధతి.

సతీష్_సికింద్రాబాద్
కొనేటప్పుడు జాగ్రత్త. షూర్ ఎస్ఎం57 (58 లాంటిదే, వాద్యాలకి వాడే డైనమిక్), 58లకి నకిలీలు బోలెడు. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు నాకు అంటగట్టినది డబ్బాతో సహా అచ్చం అసలుదానిలాగే ఉంది, కాటా మీద పెడితే తేలిపోయింది. అసలు 58 బరువు 298 గ్రాములు. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లినా అధీకృత డీలరు బిల్లు, వారంటీ కార్డు అడిగి తీసుకోండి. సగం ధరకి ఇస్తామన్నారంటే వదిలేయండి.

కొండాపూర్_కోడర్
అందరూ 57, 58 అంటున్నారు. పాడ్‌కాస్టుల్లో కనిపించే ఎస్ఎం7బీ ఎవరూ అనలేదేం?

కృష్ణానగర్_కిట్టు
దానికి దాదాపు 60 డీబీ గెయిన్ (శబ్దాన్ని పెంచే మోతాదు) కావాలి భయ్యా. స్కార్లెట్ ఇంటర్‌ఫేస్ మూడో తరం ఇచ్చేది 56. సన్నగా పాడే కీర్తనకి నాబ్ చివరిదాకా తిప్పినా చాలదు, బుస్సు మొదలవుతుంది. ముందు ఒక బూస్టర్ పెట్టాలి, దానికి మళ్లీ ఖర్చు. మైకు సూపర్, వీళ్ల బడ్జెట్‌కి కాదు.

లచ్చన్న_డప్పు
నా ముచ్చట గూడ జర వినుర్రి. నాకైతే 57 ఒక్కటుంటే సాలు. డప్పు కాచి, తోలు బిగిసినంక కొడితే ఎంత పెద్ద మైకైనా బేజారైతది. మా దోస్తు కండెన్సర్ పెట్టి రికార్డు చేసిండు, మొత్తం పర్రు పర్రున పగిలింది.

శబ్దయోగి
లచ్చన్నా, పగిలింది మైకు కాకపోవచ్చు. చాలా కండెన్సర్లు డప్పుని తట్టుకుంటాయి, ఎన్‌టీ1 అయితే 142 డీబీ దాకా. కాకపోతే కండెన్సర్ నుంచి వచ్చే వోల్టేజీ ఎక్కువ. ఒకే శబ్దానికి ఏటీ2020 ఇచ్చేది 58 ఇచ్చే దానికి ఏడు రెట్ల పైమాట. గెయిన్ తగ్గించకపోతే ప్రీయాంప్ (ఇంటర్‌ఫేస్‌లో శబ్దాన్ని పెంచే భాగం) దగ్గర పగులుతుంది. గెయిన్ బాగా దించి, పెద్ద దెబ్బకి మీటరు మైనస్ 12 దాటకుండా చూసుకోమనండి. 24 బిట్‌లో రికార్డ్ చేస్తే లెవెల్ తక్కువైందన్న బెంగ అక్కర్లేదు.

లచ్చన్న_డప్పు
గట్లనా. నాబు మొత్తం తిప్పే పెట్టిండు మరి. అయినా నా పానం 57 మీదనే ఉంది. డప్పుకు నడుమ కాదు, అంచుకు జానెడు దూరంల పెడితే సిర్ర దెబ్బ, చిటికెన పుల్ల దెబ్బ రెండూ ఏర్పడుతయ్.

శబ్దయోగి
అందులో నాకు రెండో మాట లేదు. డప్పుకి నేను కూడా 57నే పెడతా.

నిర్వాహకులు
డప్పు రికార్డింగ్ మీద విడిగా ఒక చర్చ మొదలుపెట్టండి లచ్చన్నా, చాలామందికి పనికొస్తుంది. ఇక్కడ వైష్ణవి గారి ప్రశ్న మీద ఉందాం.

మృదంగం_మూర్తి
మృదంగానికి మామూలుగా రెండు మైకులు కావాలి, కుడి వైపు ఒకటి, తొప్పి (ఎడమ) వైపు ఒకటి. అలా పెట్టినప్పుడు ఒకదాని ఫేజ్ (శబ్దపు అల దిశ) తిప్పి వినాలి, ఏది నిండుగా ఉంటే అది ఉంచాలి. ఒక్క మైకే ఉంటే కుడి మూత దగ్గరికి తోయకండి, చాపు కర్రలా వినిపిస్తుంది, గుంకారం అసలు రాదు. తమ్ముడికి ఎదురుగా, అడుగున్నర రెండడుగుల దూరంలో, కట్టె నడిమికి చూపిస్తూ కాస్త కుడికి మొగ్గేలా పెట్టండి.

నల్లకుంట_వైష్ణవి
అందరికీ ధన్యవాదాలు. హరిణి గారు చెప్పినట్టు గది సర్దాను. నిజంగానే చప్పట్లు కొడితే మోత తగ్గింది, తమ్ముడు నమ్మలేదు. యూసుఫ్‌గూడలో తెలిసినవాళ్ల స్టూడియోలో 58, ఏటీ2020, ఎన్‌టీ1 మూడూ ఉన్నాయంటే వెళ్లి అదే చరణం మూడింటి మీదా పాడాను. ఏది ఏదో చెప్పకుండా వినిపించమన్నాను.

58లో గొంతు నిండుగా ఉంది కానీ శబ్దయోగి గారు అన్నట్టే పై స్థాయికి వెళ్లినచోట వెనక్కి పారిపోయింది. ఎన్‌టీ1 నున్నగా ఉంది. ఏటీ2020లో 'శ', 'స' కాస్త కోసినట్టు వచ్చాయి. అక్కడి ఇంజనీరు మైకుని నోటికి సూటిగా కాకుండా నుదుటి ఎత్తున పెట్టి, నోటి వైపు కొద్దిగా వంచి, మళ్లీ పాడమన్నారు. కోత చాలావరకు పోయింది. 'భ', 'ఫ' దగ్గర వచ్చే ఊపిరి దెబ్బ కూడా మైకు కిందనుంచి వెళ్లిపోయింది. అప్పుడు ఎన్‌టీ1కీ దానికీ ఉన్న తేడా రెండో మైకుని వదులుకునేంత పెద్దదిగా అనిపించలేదు.

కొండాపూర్_కోడర్
చూడకుండా విన్నారు కాబట్టి నేనేమీ అనను. మీ గొంతు, మీ చెవి.

శబ్దయోగి
అమ్మా వైష్ణవీ, సరిగ్గా చేశావు. మైకుని సొంత గొంతు మీద వినకుండా కొనకూడదు. ఇక కూర్చునే పద్ధతి చెప్తా, ఇదే అసలు కీలకం.

నువ్వు బీరువాకి వీపు పెట్టి కూర్చో. నీ ముందు అడుగు లోపు కండెన్సర్. ఆ మైకు వెనక, నీకు సూటిగా ఎదురుగా నాలుగైదు అడుగుల దూరంలో తమ్ముడు. కార్డియాయిడ్‌కి వీపు వైపు చెవుడు కాబట్టి మృదంగం నీ మైకులో తక్కువ పడుతుంది, మీరిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూనే ఉంటారు. అతని మైకు వీపు నీ వైపు ఉండాలి. నీకూ నీ మైకుకీ ఉన్న దూరానికి కనీసం మూడు రెట్లు ఎడంగా రెండో మైకు ఉంటే ఫేజ్ గొడవలు చాలావరకు ఉండవు.

వీణని ఆ పూటే కలపొద్దు. పాట, మృదంగం కలిసి రికార్డ్ చేయండి. తర్వాత ఇల్లు సద్దుమణిగాక అదే కండెన్సర్‌ని వీణాపాణి గారు చెప్పిన చోట పెట్టి, అమ్మ హెడ్‌ఫోన్‌లో నీ పాట వింటూ వాయిస్తారు.

మృదంగం_మూర్తి
విడిగా అంటే నాకు మొదట మింగుడుపడలేదు కానీ ఇది బాగుంది. కచేరీలో పక్కవాద్యం గొంతుని అనుసరించే వెళ్తుంది. మనోధర్మం పాడే మనిషి దగ్గర, లయ దగ్గర ఉంటే చాలు, ఆ రెండూ కలిసే జరుగుతున్నాయి.

వీణాపాణి
పైగా అమ్మగారికి సుఖం. పల్లవి వాయించి, వేళ్లకి విశ్రాంతి ఇచ్చి, చరణం ఇంకోరోజు వాయించుకోవచ్చు. అప్పటిదాకా స్టాండు కదపకండి, నేల మీద సుద్దతో గుర్తు పెట్టుకోండి. వీణకి శ్రుతి మాత్రం ప్రతిసారీ రికార్డింగులోని తంబురాతోనే సరిచూసుకోవాలి.

నల్లకుంట_వైష్ణవి
అమ్మకి ఇది చదివి వినిపించాను. "అయితే నొప్పి లేని రోజు చూసుకుని వాయిస్తాను" అంది. నాకు అంతకంటే ఏం కావాలి.

తంబురా మాట వచ్చింది కాబట్టి: యాప్ స్పీకర్లో పెట్టుకుని పాడొచ్చా?

హరిణి_గొంతు
వద్దు. మైకులోకి తంబురా పడిందంటే తర్వాత రెండు టేకులు కలిపి అతికించలేరు, అతుకు దగ్గర తంబురా తెగినట్టు వినిపిస్తుంది. చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్ వాడండి. ఒక చెవి బయట పెట్టి పాడే అలవాటుంటే ఆ వైపు సౌండు కట్ చేసుకోండి, లేకపోతే అందులోంచే కారుతుంది.

శబ్దయోగి
ఇంకో రెండు. నేల మీద కూర్చుని తొడ మీద తాళం వేస్తే ఆ దెబ్బ నేలలోంచి స్టాండుకి ఎక్కుతుంది. స్టాండు కాళ్ల కింద మడత పెట్టిన దుప్పటి వేయి, తాళం వేళ్లతో మెల్లగా లెక్కపెట్టుకో. రెండోది, నీది ఐదు శ్రుతి కాబట్టి షడ్జం 196 హెర్ట్జ్, మంద్ర పంచమం 147 దగ్గర ఉంటుంది. నీ ట్రాకుకి 80 హెర్ట్జ్ దగ్గర లోకట్ (అంతకంటే కింది చప్పుళ్లని కోసే ఫిల్టర్) నిస్సంకోచంగా పెట్టుకో, బస్సుల అడుగు మోత పోతుంది, నీ స్వరం ఒక్కటీ పోదు. మృదంగానికి మాత్రం పెట్టొద్దు, తొప్పి గుంకారం అక్కడే ఉంటుంది.

సతీష్_సికింద్రాబాద్
వానాకాలం కదా, కండెన్సర్‌ని వాడాక స్టాండు మీద వదిలేయకండి. తేమ పట్టితే చిటపటలు వస్తాయి. డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి మూత పెట్టండి.

కొండాపూర్_కోడర్
48 వోల్టుల ఫాంటమ్ (కండెన్సర్‌కి కేబులు ద్వారానే వెళ్లే కరెంటు) ఆన్ చేస్తే రెండు ఇన్‌పుట్లకీ వెళ్లే ఇంటర్‌ఫేసులున్నాయి. 57కి ప్రమాదం లేదా?

శబ్దయోగి
సరైన ఎక్స్ఎల్ఆర్ కేబులు అయితే 57కి ఏమీ కాదు. జాగ్రత్త పడాల్సింది పాత రిబ్బన్ మైకుల విషయంలో. మంచి ప్రశ్న.

నల్లకుంట_వైష్ణవి
రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్ సెకండ్ హ్యాండ్‌లో దొరికింది, ఏటీ2020 కొత్తది బిల్లుతో తీసుకున్నాను. స్టాండ్లు, హెడ్‌ఫోన్, పాప్ ఫిల్టర్‌తో బడ్జెట్ అయిపోయింది. మృదంగానికి 57 వచ్చే నెల చూడాలి.

కృష్ణానగర్_కిట్టు
వచ్చే నెల దాకా ఎందుకండీ? నా దగ్గర రెండున్నాయి, ఒకటి తీసుకెళ్లండి. పని అయ్యాకే ఇవ్వండి. అమ్మగారి వీణ ట్రాకు మాత్రం మాకు వినిపించాలి.

నల్లకుంట_వైష్ణవి
కిట్టు గారూ, ఇంత సాయం ఊహించలేదు. శనివారం సాయంత్రం తమ్ముడు వస్తాడు. తప్పకుండా ఇక్కడే పెడతాను.

మృదంగం_మూర్తి
తమ్ముడితో చెప్పండి, తొప్పికి పెట్టిన రవ్వ ఆరిపోతూ ఉంటుంది, ఆరినకొద్దీ నాదం మారుతుంది. ప్రతి కీర్తనకి ముందూ తడి చూసుకోవాలి. కుడి వైపు శ్రుతి కూడా అప్పుడే సరిచేసుకోమనండి.

కృష్ణానగర్_కిట్టు
శనివారం ఓకే. తమ్ముడు మీ స్టాండు కూడా వెంట తేవాలి. 57 క్లిప్పు మర పెద్దది, కొన్ని స్టాండ్లకి చిన్న మర ఉంటుంది, మధ్యలో ఇత్తడి అడాప్టర్ కావాలి. నా దగ్గర రెండు సైజులూ ఉన్నాయి, ఇక్కడే బిగించి చూసి పంపిస్తా.